నోటికొచ్చిన జపం

రండర్రా, ఇటు జరిగి కూర్చోండి. పెద్దోడా, ఆ కందికంప ఒక్కసారే కుమ్మరించమాకు, పొగ లేస్తుంది. నాలుగేసి పుల్లలు వేస్తూ ఉండు, చాలు. చిన్నదానా, నువ్వా శాలువా కప్పుకో. హైదరాబాదులో ఇంతకంటే చలి ఉంటే ఉండనీ, అక్కడ మంటేసుకోను వాకిలి ఏదీ?

నిన్న రాత్రి జపమాల అయ్యాక నువ్వో మాట అడిగావు. "తాతయ్యా, బట్టీ పట్టి చెప్పేది కూడా జపమేనా? మనసులోంచి వస్తేనే కదా ప్రార్థన?" అని. అడగాల్సిన మాటే. మీ నాన్న కసురుకున్నాడు గానీ నాకు తప్పనిపించలా. నీ వయసులో నాకూ ఆ అనుమానం వచ్చింది. ఒక్క ముక్కలో జవాబు చెబితే నీకు రుచించదు. ఆ రోజుల్లో మేమెట్లా పెరిగామో చెబుతా, నీక్కావలసింది ఏరుకో.

నేను పుట్టింది 1950లో. మనూరికి ఫిరంగిపురం నాలుగు మైళ్ళు. అప్పటికీ చుట్టుపక్కల కాలవ నీళ్ళు లేవు. వాన పడితే జొన్న, వేరుశనగ, పొగాకు, మిరప. పడకపోతే అప్పు. మా నాయన పొద్దుగూకేదాకా చేలో ఉండి, ఇంటికొచ్చి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చోకముందే జపమాల అందుకునేవాడు. నడింట్లో మరియమాత పటం, దాని ముందు ఆముదం దీపం. ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద. సోమ, గురువారాలు సంతోష దేవరహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు. మిగతా మూడు రోజులూ మహిమ దేవరహస్యాలు. మీరిప్పుడు చెప్పుకునే వెలుగు దేవరహస్యాలు అప్పటికి లేవు. వాటిని రెండో జాన్ పాల్ పోపుగారు 2002లో చేర్చారు.

నాయన సగం చెబితే మిగతా సగం మేమందుకోవాలి. నాలుగో రహస్యం దాకా వచ్చేసరికి మా తమ్ముడు ముందుకు తూలేవాడు. నాయనమ్మ జపం ఆపకుండానే వాడి తొడ గిల్లేది. మా అమ్మకి ఒక చెవి జపం మీద, రెండో చెవి పొయ్యి మీది చారు మీద. పొంగొచ్చిన చప్పుడు కాగానే లేచి మూత తీసి, వచ్చి మళ్ళీ అదే పూస దగ్గర గొంతు కలిపేది. దేవుడికి చారు అడ్డమని మా ఇంట్లో ఎవరూ అనుకోలా.

ఆరేళ్ళకే జపాలన్నీ నోటికొచ్చాయి. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు, అన్నీ. అర్థం ఎవరడిగారు? గుడి అరుగు మీద ఉపదేశిగారు జ్ఞానోపదేశం ప్రశ్న వేస్తే జవాబు అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాలి. చెబితే చేతిలో బెల్లమ్ముక్క, చెప్పకపోతే అరచేతి మీద బెత్తం.

1963లో నన్ను ఫిరంగిపురం బోర్డింగులో వేశారు. ఎనిమిదో తరగతి, థర్డ్ ఫారమనే మాట ఇంకా పెద్దవాళ్ళ నోట్లో ఉండేది. ఒక రేకు పెట్టె, చాప, దుప్పటి, కంచం, గ్లాసు, అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి జాడీ. అదీ సామాను. హాజరు పిలుస్తుంటే సగం మంది ఇన్నారెడ్లూ, బాలశౌరులూ, మర్రెడ్లూ, చిన్నప్పలూ. ఒకే పేరు నలుగురికుంటే ఊరి పేరు తగిలించి పిలిచేవాళ్ళు.

తెల్లవారుజామున అయిదింటికి గంట. బావి దగ్గర చేదల చప్పుడు, పళ్ళపొడి ఉమ్ములు, చలికి వణుకుడు. ఆరింటికల్లా గుళ్ళో ఉండాలి. ఫిరంగిపురం బాలయేసు గుడి చూశారుగా, మిల్ హిల్ సభ గురువు డీక్‌మన్ స్వామి కట్టించింది. ఆ కప్పు కింద నిలబడితే పల్లెటూరి పిల్లకాయకి కళ్ళు తిరిగేవి. పూజ అయ్యాక టిఫిను, బడి, సాయంత్రం ఆట, త్రికాల జపం గంట, స్టడీ, భోజనం, రాత్రి జపం, పడక. రాత్రి జపం అయ్యాక మర్నాడు పూజ అయ్యేదాకా మాట్లాడకూడదు. వందమంది మగపిల్లలు ఒక హాల్లో నోరు మూసుకుని పడుకోవడమంటే మాటలు కాదర్రా.

తిండి సంగతి చెప్పమంటారా? పొద్దున గోధుమ నూక ఉప్మా, లేదా పచ్చటి మొక్కజొన్న రవ్వ. రెండూ అమెరికా నుంచి వచ్చినవే. సంచుల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. అక్కడి కతోలికుల సహాయ సంస్థ ద్వారా మన మిషన్లకి పంచేవాళ్ళు. పాలపొడి వేణ్ణీళ్ళలో కలిపితే ఉండలు కట్టేది. ఆ ఉండలు తన గ్లాసులోకి రావాలని ప్రతివాడికీ ఆశ. ఖాళీ అయిన సంచుల్ని ఉతికి కుట్టించుకుని నిక్కర్లుగా తొడుక్కున్న వాళ్ళున్నారు. వెనక వైపు ఆ చేతుల బొమ్మ వచ్చిందంటే ఇక వాడికి ఏడాది పొడుగునా వెక్కిరింపులే.

పూజ సహాయానికి నన్నెంచారు. అప్పుడు పూజంతా లతీనులో. స్వామి బలిపీఠం వైపు తిరిగి, మాకు వీపు పెట్టి చేసేవారు. జనం తరఫున జవాబులు చెప్పాల్సింది మేమే. ఓ పెద్ద కుర్రాడు ఆ లతీను జవాబులన్నీ తెలుగక్షరాల్లో రాసిన నోటుబుక్కు నా చేతిలో పెట్టి, నెలలోపు రావాలన్నాడు. అందులో కొన్ఫితెయోర్ అనేది పాపాలు ఒప్పుకునే జపం. నడుం వంచి, తల నేలకి దించి చెప్పాలి. అదెట్లాగో వచ్చేది. సుషీపియాత్ అనేది మాత్రం నాలిక తిరిగేది కాదు. మొదలు గట్టిగా అని, మధ్యలో గొణిగి, చివర మళ్ళీ గట్టిగా అనేవాళ్ళు సగం మంది. స్వాములకీ ఆ సంగతి తెలుసు. ఊరుకునేవాళ్ళు.

దానికంటే భయమేసే పని పుస్తకం మార్చడం. పూజ పుస్తకం చెక్క స్టాండు మీద ఉండేది. లేఖ చదవడం అయ్యాక దాన్ని స్టాండుతో సహా ఎత్తి, కుడి వైపు మెట్లు దిగి, నడిమధ్యలో మోకాలు వంచి లేచి, ఎడమ వైపు మెట్లెక్కి అక్కడ పెట్టాలి. పొడుగు అంగీ కాళ్ళకడ్డం పడేది, పుస్తకం కళ్ళకడ్డం. మెట్టు కనపడదు, పాదంతో తడుముకోవాల్సిందే. నా ముందు చేసిన కుర్రాడు ఒకరోజు పుస్తకంతో సహా బోర్లా పడ్డాడు. స్వామి వాణ్ణి ముందు లేపి, తర్వాత పుస్తకం తీసుకుని, ఏమీ కానట్టే పూజ సాగించారు. పూజయ్యాక, పుస్తకానికి దెబ్బ తగిలిందా అని వాడు ఏడుస్తూ అడిగితే, "అట్ట బలమైంది, నీ మోకాలు చూపించు" అన్నారు. దేవుడి సేవంటే ఎట్లా ఉండాలో ప్రసంగాల్లో ఎన్నో విన్నా గానీ, నాకు నిలిచిపోయింది ఆ మాటే.

శనివారం సాయంత్రం పాపసంకీర్తనం. వరసలో నిలబడి, ముందువాడు ఎంతసేపట్లో బయటికొచ్చాడో చూసి వాడి లెక్క మేమే కట్టేవాళ్ళం. పాపాలు గుర్తురాని వాడు పక్కవాణ్ణడిగి అరువు తెచ్చుకునేవాడు. వార్డెను స్వామికి ఇదంతా తెలిసే ఉంటుంది. ఒకసారి ఓ కుర్రాడికి మూడు మంగళవార్తలు ప్రాయశ్చిత్తం ఇవ్వకుండా, చిన్నపిల్లలు స్నానం చేసే తొట్టి నిండా నీళ్ళు తోడమన్నారట. వారం తిరక్కుండా బోర్డింగంతా తెలిసింది. తర్వాత వారం నుంచి అరువు పాపాలు తగ్గాయి.

తపస్సుకాలం వస్తే గుడి రూపమే మారిపోయేది. శుక్రవారం సిలువ మార్గం, పధ్నాలుగు స్థలాలు, స్థలస్థలానికీ మోకరించి లేవడం. పాస్కాకి ముందు రెండు వారాలు స్వరూపాలన్నిటికీ ఊదారంగు గుడ్డలు కప్పేవాళ్ళు. మంచి శుక్రవారం గంట మోగదు, చెక్క గిలక తిప్పాలి. ఆ గిలక తిప్పే పని కోసం పెద్ద తగాదాలే జరిగేవి.

భోజనాలప్పుడు ఒకడు నిలబడి పుణ్యాత్ముల చరిత్ర చదవాలి, మిగతావాళ్ళు మాట్లాడకుండా తినాలి. దోమినిక్ సావియో చరిత్ర అట్లా విన్నాం. ఇటలీలో టూరిన్ దగ్గర పల్లెలో 1842లో పుట్టాడు. నాన్న కమ్మరి, అమ్మ బట్టలు కుట్టేది. పన్నెండేళ్ళప్పుడు టూరిన్‌లో డాన్ బోస్కో స్వామి దగ్గర చదువుకోవడానికి చేరాడు. 1857 మార్చిలో, పదిహేనేళ్ళు నిండకముందే జబ్బు చేసి పోయాడు. 1954లో పునీతుడని ప్రకటించారు. పదిహేనేళ్ళ లోపువాడు పునీతుడయ్యాడంటే మా వయసు పిల్లలకి ఎట్లా ఉంటుంది? ఎక్కడలేని ఉత్సాహం.

మా వరసలో పడుకునేవాడొకడు, ఆ కథ విన్న రాత్రే చాప కింద కంకర రాళ్ళు పరుచుకుని పడుకున్నాడు. దుప్పటి కూడా పక్కవాడికిచ్చేశాడు. మూడో నాటికి జలుబు, జ్వరం, బడి ఎగ్గొట్టడం. వార్డెను స్వామి వచ్చి చాప ఎత్తి చూశారు. నవ్వలేదు, తిట్టలేదు. "కథ సగమే విన్నావు. సావియో కూడా చలిలో పల్చటి దుప్పటితో పడుకుంటే డాన్ బోస్కో మాన్పించాడు. నీ పాఠాలు చదువు, నీ జపాలు చేసుకో, మైదానంలో అందరితో ఆడు, అదే నీ తపస్సన్నాడు. నీకు జ్యామెట్రీలో ఎన్ని మార్కులొచ్చాయి?" అన్నారు. వాడు తలొంచుకున్నాడు. ఆ రాళ్ళు తీసుకెళ్ళి బావి దగ్గర బురదలో వేయించారు. కాళ్ళు జారకుండా అందరికీ పనికొచ్చాయి.

ఇదంతా జరుగుతుండగానే లోకం మారిపోతా వచ్చింది. రోములో రెండో వాటికన్ మహాసభ 1962లో మొదలై 1965 డిసెంబరు దాకా నడిచింది. 1964 డిసెంబరులో ఆరో పౌలు పోపుగారు బొంబాయి దివ్యసత్ప్రసాద మహాసభకి వచ్చారు. పేపర్లో ఫోటో పడితే కత్తిరించి స్టడీ హాల్లో అంటించాం. ఆ తర్వాత పూజ మెల్లమెల్లగా తెలుగులోకి వచ్చింది. ముందు లేఖ, సువిశేషం, తర్వాత ఒక్కొక్కటీ. కొత్త పూజగ్రంథం అమల్లోకి వచ్చింది 1969 చివర్లో గానీ, దానికి ముందే బలిపీఠం ముందుకు జరిగింది, స్వామి మా వైపు తిరిగారు. నేను చచ్చీచెడీ నేర్చుకున్న లతీనుకి పనిలేకుండా పోయింది.

నాకు పట్టరాని సంతోషం అయింది. ఇన్నాళ్ళూ నేనేమంటున్నానో ఇప్పుడు తెలిసింది కదా! ఆ తిక్కలోనే మా నాయనమ్మ దగ్గర గొప్పలు పోయాను. "ఇప్పుడన్నీ తెలుగులోనే, పూజప్పుడు జపమాల తిప్పక్కర్లేదు, విని జవాబు చెప్పు చాలు" అన్నా. ఆవిడ నన్నెగాదిగా చూసి, "స్వామి ఎటు తిరిగితేనేం, నేను తిరిగిన వైపే తిరిగున్నా" అంది. సత్ప్రసాదానికి ముందు ఉపవాసం సంగతీ అంతే. ఆవిడ చిన్నప్పుడు అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. 1957లో మూడు గంటలన్నారు, 1964లో గంట చాలన్నారు. ఆవిడకి మాత్రం చివరిదాకా అర్ధరాత్రి లెక్కే.

ఇక నీ అనుమానం నాకెప్పుడొచ్చిందో చెబుతా. 1965. ఆ యేడు వానల్లేవు. జొన్న మోకాలెత్తున ఎండిపోయింది. ఊరంతా కలిసి మాత స్వరూపాన్ని ఎత్తుకుని, జపమాల చెబుతూ చేల గట్ల వెంట తిరిగాం. సెలవులకి వచ్చి నేనూ తిరిగా. పదిహేనేళ్ళవాణ్ణి, గుండెల్లో గట్టి నమ్మకం. ఇంటికొచ్చేలోపు మబ్బు పడుతుందని ఆకాశం వంక చూస్తూ నడిచా. మబ్బూ లేదు, గాలీ లేదు. రాత్రి నాయన ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కుని జపమాల తీశాడు. నాకు ఒళ్ళు మండింది. మోకరించకుండా గుమ్మంలో నిలబడి, "వాన పడలేదుగా, ఇంకా ఎందుకు?" అన్నా.

నాయన గొంతు పెంచలా. "వాన కోసమే జపం చేస్తే, వాన పడ్డాక మానెయ్యాలిగా" అన్నాడు. అని, మొదలుపెట్టాడు. రోజూ ఎంత సేపో అంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను రెండో రహస్యం దాకా గుమ్మంలోనే ఉండి, తర్వాత వచ్చి కూర్చున్నా.

బోర్డింగుకి తిరిగొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. స్టడీ గంటకి ముందు గుళ్ళోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవడం అప్పుడే అలవాటైంది. ఏం అడగాలో తెలిసేది కాదు. మార్కులడగాలంటే సిగ్గు, వాన అడగాలంటే కోపం. సొంత మాటలతో మాట్లాడదామంటే రెండు ముక్కలకే అయిపోయేవి. అందుకని నోటికొచ్చినవే మెల్లగా చెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి ఒక్కో మాట దగ్గర ఆగడం మొదలైంది. అప్పటిదాకా పరుగెత్తుకెళ్ళిపోయిన మాటలే అవి. క్షమించమని అడిగేచోట, క్రికెట్ బ్యాటు విరగ్గొట్టాడని నేను మాట్లాడడం మానేసిన వాడి మొహం కనపడేది. లేచి వెళ్ళి వాడితో మాట్లాడితే గానీ ముందుకెళ్ళడానికి లేదు. చిన్నదానా, జపం నా మనసులోకి దిగిందంటే ఆ బెంచీలోనే, అట్లాగే. వెలుగులు కనపడలేదు, గొంతులు వినపడలేదు. నోరు ముందు నడిచింది, మనసు ఏళ్ళ తర్వాత వచ్చి కలిసింది.

పదకొండో తరగతిలో, ఎస్సెస్సెల్సీ పరీక్షలప్పుడు, ఇంకో సంగతి చూశా. గుళ్ళో కొవ్వొత్తులు మార్చి నెలలో వెలిగినన్ని ఇంకెప్పుడూ వెలగవు. లెక్కల పరీక్ష ముందు రోజైతే గుడి మెట్ల మీద జాగా ఉండేది కాదు. ఫలితాలొచ్చాక అటు తొంగిచూసేవాళ్ళు తక్కువ. నాయన ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు ఇంకాస్త తెలిసింది.

ఆ వేసవిలోనే మా నాయనమ్మ మంచానపడింది. మనుషుల్ని మర్చిపోయింది. కన్నకొడుకుని "ఎవరయ్యా, ఏ ఊరు?" అని అడిగేది. నన్ను చూసి పాలేరనుకుంది. అన్నం తిన్నదీ లేనిదీ తెలియదు. కానీ సాయంత్రం నాయన మంగళవార్త మొదలుపెట్టి సగంలో ఆపగానే, మంచంలోంచి మిగతా సగం వినపడేది, ఒక్క అక్షరం తేడా లేకుండా. యాభైకి యాభై సార్లూ. పూసలు లేకపోయినా వేళ్ళు కదిలేవి. స్వామి వచ్చి అవస్థ అభ్యంగనం ఇచ్చిన రోజూ అంతే, జవాబులన్నీ చెప్పింది. రెండు రోజులకి పోయింది. ఊరందరం మోసుకెళ్ళి మన సమాధుల దొడ్లోనే పెట్టాం. నవంబరు రెండో తారీఖు ఏటా మనం కొవ్వొత్తి పెట్టే మూల సమాధి ఆవిడదే.

బట్టీ పట్టింది జపమేనా అంటావు. ఆవిడకి తెలివి పోయింది, పేర్లు పోయాయి, సొంత మాటలన్నీ పోయాయి. ఆరేళ్ళప్పుడు ఏ అరుగు మీదో కూర్చుని బట్టీ పట్టిందే ఒక్కటి మిగిలింది. అది మనసులోది కాదని నేనెట్లా చెప్పను?

ఆ యేడే 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. మా నాయన తలెత్తి చూడకుండా నీళ్ళొచ్చే రోజులు మన చుట్టుపక్కల చేలకీ మెల్లమెల్లగా వచ్చాయి. జొన్న పోయి వరి వచ్చింది, మట్టి మిద్దెలు పోయి డాబాలొచ్చాయి. వాన కోసం స్వరూపం ఎత్తుకుని తిరగడం తగ్గింది. సాయంత్రం జపమాల చాలా ఇళ్ళలో తగ్గింది. మా ఇంట్లో మాత్రం నాయన పోయేదాకా ఒక్క రాత్రి ఆగలేదు. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకి వెళ్ళినా, పొగాకు బారనుల దగ్గర కాపలా పడుకున్నా, జేబులో పూసలుండాల్సిందే.

మొన్న మీ అన్న ఫోనులో కార్లో అకుటిస్ అనే కుర్రాడి బొమ్మ చూపించాడు. జీన్సు ప్యాంటు, టీ షర్టు. లండన్‌లో 1991లో పుట్టి, మిలాన్‌లో పెరిగి, 2006లో రక్తపు క్యాన్సరుతో పదిహేనేళ్ళకే పోయాడట. 2025 సెప్టెంబరులో పునీతుణ్ణి చేశారు. కంప్యూటరు మీద దివ్యసత్ప్రసాద అద్భుతాలన్నీ పోగేసి లోకానికి చూపించాడని మీకు ముచ్చట. నాకు నచ్చింది వేరే. వాడూ రోజూ పూజకెళ్ళాడు, రోజూ జపమాల చెప్పుకున్నాడు. సావియోకీ వాడికీ నడుమ నూటయాభై ఏళ్ళున్నాయి, కానీ ఇద్దరి దినచర్యా చూస్తే మా బోర్డింగు గంటలే గుర్తొస్తాయి.

కాబట్టి అమ్మాయ్, నీ సొంత మాటలతో చేసుకో, నేను కాదనను. కానీ సొంత మాటలు దొరకని రోజు ఎవరికైనా వస్తుంది. కోపమొచ్చిన రోజు, జబ్బు చేసిన రోజు, ముసలితనం. ఆ రోజుకి నోటికొచ్చినవి నాలుగు ఉండాలి. అవి నీ వయసులోనే పట్టుబడతాయి, నా వయసులో కొత్తవి రావు. రోజూ ఒకే వేళకి కూర్చో. మనసు వచ్చినా రాకపోయినా నువ్వు మాత్రం రా. ఇక లేవండి, పొద్దుపోయింది. రేపు ఆదివారం, ఆరింటికే పూజ. అయిదింటికి లేపుతా, రెండోసారి పిలిపించుకోకండి.